సగటు చాటున దాగిన ఫైలు
(ఉద్యోగుల తెలుగు సాంస్కృతిక సమాజ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కేంద్ర ప్రభుత్వ ఉద్యోగములలో స్థిరపడిన తెలుగువారికి లెక్కలతోడి సహవాసము కొత్తది కాదు. ఆడిట్ కార్యాలయమైనను, రైల్వే యైనను, తపాలా శాఖ యైనను, పొద్దు గడచునది అంకెల నడుమనే. నాడు ఆ అంకెలు లావుపాటి రిజిస్టరులలో నుండెడివి. నేడవి కంప్యూటరు తెరమీది గడులలోనికి చేరినవి. నిలువు వరుసలు, అడ్డు వరుసలు గల ఆ పట్టికకే స్ప్రెడ్‌షీటు అని వ్యవహారము. నెలాఖరు నివేదికలో 'సగటున ఇన్ని దినములు' అను ఒక్క వాక్యము వ్రాయుటకు పూర్వ మొక గుమాస్తా ఒక పూట కూర్చుండవలసి వచ్చెడిది. ఇప్పుడది రెప్పపాటు పని. ఆ రెప్పపాటులో యంత్రము ఏమి చేయునో, దేనిని విడిచిపెట్టునో విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

ఈ పట్టిక పుట్టుక ముచ్చటైనది. 1978లో హార్వర్డ్ వ్యాపార విద్యాలయమున విద్యార్థిగా నున్న డాన్ బ్రిక్లిన్, ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఒక అంకె మార్చినప్పుడెల్ల దానిపై ఆధారపడిన తక్కిన అంకెలన్నిటిని చెరిపి మరల వ్రాయుట చూచి, ఆ శ్రమ యంత్రమునకు అప్పగింపరాదా అని ఆలోచించెను. బాబ్ ఫ్రాంక్‌స్టన్ తోడ్పాటుతో 1979లో ఆపిల్-2 యంత్రముకొరకు 'విసికాల్క్' వెలువడెను. 1983లో 'లోటస్ 1-2-3', 1985లో మెకింటాష్ యంత్రముపై 'ఎక్సెల్', 1987లో విండోస్‌పై అదే ఎక్సెల్ వచ్చినవి. ఉచితముగా లభించు 'లిబ్రె ఆఫీస్ కాల్క్' కూడ నేడు అనేక కార్యాలయములలో వాడుకలో నున్నది. పేర్లు వేరైనను గడి ఒక్కటే, సూత్ర మొక్కటే.

ఇక లెక్కలోనికి పోవుదురుగాక. ఒక కార్యాలయమునకు పది కుటుంబ పింఛను ఫైళ్లు వచ్చినవని ఊహింపుడు. (ఇది ఉదాహరణకై కల్పించిన లెక్క, ఏ కార్యాలయమునకును సంబంధించినది కాదు.) ఒక్కొక్క ఫైలు పరిష్కారమునకు పట్టిన దినములు వరుసగా 4, 5, 5, 6, 6, 7, 8, 9, 10, 90. ఈ పది అంకెలను ఒక నిలువు వరుసలో నింపి, క్రింది గడిలో 'ఏవరేజ్' అను సూత్రమును వేసినచో 15 అని వచ్చును. మొత్తము 150, ఫైళ్లు 10, సగటు 15. తప్పేమియు లేదు. అయినను ఆ పదింటిలో 15 దినములు పట్టిన ఫైలు ఒక్కటియు లేదు. 15కు దరిదాపున నున్నదియు లేదు. తొమ్మిది కుటుంబములకు పది దినములలోపుననే పింఛను మంజూరైనది. పదవ యింటివారు మూడు నెలలు ఎదురు చూచిరి. ఇంటి పెద్దను పోగొట్టుకొని, జీతము నిలిచిపోయి, అద్దెకును, పిల్లల ఫీజుకును అప్పు చేయవలసిన మూడు నెలలవి. '15' అను అంకె ఆ తొమ్మిదింటి కథయును చెప్పదు, ఈ పదవదాని కథయును చెప్పదు.

'మీడియన్' అను సూత్రమును వేయుడు. మధ్యగతము 6.5 అని వచ్చును. అనగా అంకెలను చిన్నదానినుండి పెద్దదాని వరకు పేర్చినప్పుడు నడుమ నిలిచిన 6, 7ల సగము. సామాన్యముగా ఒక ఫైలు ఎన్నాళ్లకు తెమలునో తెలియగోరువానికి ఈ అంకె సగటుకంటె నమ్మదగినది. కాని దీనికొక నిర్దయ యున్నది. పదవ ఫైలు 90 దినములు పట్టినను, 900 దినములు పట్టినను మధ్యగతము 6.5గానే నిలిచియుండును. సగటు ఆ ఒక్క ఫైలు ధాటికి ఊగిపోవును. మధ్యగతము దానివైపు తలయెత్తియైనను చూడదు. కావున రెంటిని ప్రక్కప్రక్కన వ్రాయుట మేలు. 15కును 6.5కును నడుమనున్న ఎడమే, ఏదో ఒక మూల ఒక పెద్ద అంకె కూర్చున్నదని చెప్పు సంకేతము. 'మ్యాక్స్' సూత్రము వేసి ఆ మూల ఏదో చూచుట తరువాతి పని.

'మోడ్', అనగా బాహుళకము, ఇట్టి చిన్న పట్టికలలో అంతగా ఉపకరింపదు. పై అంకెలలో 5 రెండు సార్లు, 6 రెండు సార్లు వచ్చినవి. ఎక్సెల్ పాత సూత్రము మొదట కనబడిన 5ను మాత్రము చూపి ఊరకుండును. రెంటిని చూపుటకు 2010లో వేరొక సూత్రము చేర్చిరి.

సగటు చుట్టును అంకెలు ఎంతగా చెదరియున్నవో తెలుపునది క్రమవిచలనము. ఇంగ్లీషు వాడుకలో స్టాండర్డ్ డీవియేషన్. ఒక్కొక్క అంకె సగటునకు ఎంత దూరమున నున్నదో చూచి, ఆ దూరములను వర్గించి, కూడి, భాగించి, వర్గమూలము తీయుదురు. మన పది అంకెల వర్గముల మొత్తము 6282. అందులో 5625 ఒక్క పదవ ఫైలుదే! దానిని 9చే భాగించిన 698, వర్గమూలము 26.4. 10చే భాగించినచో 25.1. ఈ 9, 10ల వివాదము చాలమందిని తికమక పెట్టును. ఎక్సెల్‌లో 'ఎస్టీడెవ్.ఎస్' అనునది ఒకటి తగ్గించి భాగించును, 'ఎస్టీడెవ్.పి' అనునది ఉన్నదానితోనే భాగించును. ఈ పది ఫైళ్లే ఆ కార్యాలయపు సమస్త ఫైళ్లయినచో రెండవది తగును. వేలకొలది ఫైళ్లనుండి పరీక్షకై తీసిన నమూనా యైనచో మొదటిది. నమూనా తన సగటును తానే నిర్ణయించుకొనుటచేత అంకెలు ఆ సగటునకు ఉన్నదానికంటె దగ్గరగా కనబడును. ఒకటి తగ్గించి భాగించుట ఆ లోటును సరిచేయుటకే. వేయి అంకెలున్నచోట ఈ భేదము కనబడనే కనబడదు. పదింటిలో కనబడును.

అంతకంటె గమనింపదగిన దొకటున్నది. సగటు 15, విచలనము 26.4. సగటునుండి ఒక్క విచలనము వెనుకకు పోయినచో మైనస్ 11 దినములు! ఫైలు రాకముందే పదునొకండు దినములకు పూర్వము పరిష్కార మయ్యెనా? ఇట్టి అర్థరహితమైన అంకె తేలినప్పుడు, ఆ పట్టిక సగటు-విచలనముల భాషలో చెప్పదగినది కాదని గ్రహింపవలెను. అప్పుడు చతుర్థాంశములు అక్కరకు వచ్చును. 'క్వార్టైల్.ఇన్క్' సూత్రముచే మొదటిది 5.25, మూడవది 8.75. అనగా నడిమి సగము ఫైళ్లు ఐదారు దినములనుండి తొమ్మిది దినముల లోపున తెమలినవి. 'క్వార్టైల్.ఎక్స్క్' అను మరియొక సూత్రము ఇవే అంకెలకు 5, 9.25 అని చెప్పును. రెండును ఒప్పే, కొలుచు విధానము వేరు. నివేదికలో ఏది వాడినదో ఒక మాట వ్రాసిన చాలును, లేనిచో పై యేటి నివేదికతో పోల్చునప్పుడు లేని మార్పు ఉన్నట్లు తోచును.

ఈ సూత్రములను విడివిడిగా వేయు ఓపిక లేనివారికి ఎక్సెల్‌లో 'డేటా అనాలిసిస్' అను పనిముట్టు కలదు. అందు 'డిస్క్రిప్టివ్ స్టాటిస్టిక్స్' అనుదానిని ఎన్నుకొని, వరుసను చూపినచో, సగటు మొదలు మొత్తము, సంఖ్య వరకు పదుమూడు పంక్తుల పట్టిక ఒక్కసారి వచ్చి పడును. చూచుటకు ఘనముగా నుండును. కాని అది అచ్చు పడిన కాగితము వంటిది. తరువాత పై వరుసలో ఒక అంకె దిద్దినను ఆ పట్టిక మారదు. విడిగా వేసిన సూత్రము మాత్రము వెంటనే మారును. లిబ్రె ఆఫీస్ ఈ విషయమున మెరుగు. అది సూత్రములనే వ్రాసి యిచ్చును. పాత పట్టికను క్రొత్త అంకెలక్రింద అంటించి పైకి పంపుట అసాధ్య మేమియు కాదు.

ఇంతవరకు గడులలో అంకెలు సరిగా నున్నవనియే ఊహ. అసలు చిక్కు అక్కడనే యున్నది.

పదవ ఫైలు ఇంకను తెమలలేదని తలంపుడు. పరిష్కారము కానందున దినముల గడి ఖాళీగా నుండును. ఏవరేజ్ సూత్రము ఖాళీ గడిని లెక్కించదు. తక్కిన తొమ్మిదింటి మొత్తము 60, సగటు 6.7 దినములు. ఆ కార్యాలయము జిల్లాలోనెల్ల చురుకైనదిగా పేరు పొందును! గుమాస్తా ఖాళీ ఉండరాదని 0 వేసెనా, సగటు 6కు దిగును. పరిష్కారము కాని ఫైలు సున్న దినములలో పరిష్కారమైనట్లు లెక్కకెక్కును. లేదా '90 - కోర్టు వ్యవహారము' అని అదే గడిలో శ్రద్ధగా వ్రాసెనా, యంత్రము దానిని అంకెగా గాక మాటగా గ్రహించి, ఏ హెచ్చరికయు లేకుండ దాటిపోవును. శ్రద్ధ ఎక్కువైన చోటనే అంకె పోయినది. ఆ మీద చెప్పిన డేటా అనాలిసిస్ పనిముట్టు మాత్రము మాటలు కలిసిన వరుసను చూచి పని చేయ నిరాకరించును. దానిని విసుగుకొనువారు గలరు గాని, ఆ మొండితనమే మంచిది.

దీనికి పరీక్ష సులభము. 'కౌంట్' సూత్రము అంకెలున్న గడులను మాత్రము లెక్కించును. 'కౌంట్-ఏ' ఏదో ఒకటి వ్రాసిన గడులనెల్ల లెక్కించును. వచ్చిన ఫైళ్లు రిజిస్టరు ప్రకారము 10. కౌంట్ 9, కౌంట్-ఏ 10 అయినచో ఒక గడిలో మాట దూరినది. రెండును 9 అయినచో ఒక గడి ఖాళీ. సగటు ప్రక్కన ఈ సంఖ్యను వ్రాయని నివేదికను చదువువారు అరగదిలో నిలబడి ఇల్లంతయు చూచితిమనుకొనువారితో సమానులు.

తేదీల విషయము మరియొకటి. పరిష్కార తేదీనుండి వచ్చిన తేదీని తీసివేసినచో దినములు వచ్చును. ఎక్సెల్ దృష్టిలో తేదీ యనునది 1900 జనవరి 1ని ఒకటిగా తీసికొని వేసిన వరుస సంఖ్య. 2025 జనవరి 1 దాని లెక్కలో 45,658. పరిష్కార తేదీ ఖాళీగా నున్నప్పుడు యంత్రము దానిని సున్నగా తలంచి, ఆనాడు వచ్చిన ఫైలునకు మైనస్ 45,658 దినములు కట్టును. 'మిన్' సూత్రము వేసినవానికి ఇది వెంటనే దొరకును. సగటు మాత్రమే చూచువాడు తల పట్టుకొనును. (ఇంకొక వింత: 1900 లీపు సంవత్సరము కాకున్నను, లోటస్‌లో ఉన్న పొరపాటుతో పొంతన కుదురుటకై ఎక్సెల్ ఆ సంవత్సరమున ఫిబ్రవరి 29ని చూపుచు వచ్చినది. పంచాంగకర్తలు ఒప్పుకొనరు!)

ఇవి చిన్న కార్యాలయముల చిన్న చిక్కులనుకొనువారికి 2010 నాటి ఒక ఉదంతము చెప్పదగినది. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ అను ప్రసిద్ధ ఆర్థికవేత్తలు ఆ సంవత్సరము ఒక వ్యాసము ప్రచురించిరి. జాతీయోత్పత్తిలో 90 శాతమునకు మించి ప్రభుత్వ ఋణము గల సంపన్న దేశములలో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందు చూపిరి. ఐరోపాలోను, అమెరికాలోను ప్రభుత్వ వ్యయమును కోయవలెనను పక్షము వారికి ఈ అంకె ఆయుధమైనది. 2013లో మాసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్‌హర్స్ట్ శాఖలో చదువుచున్న థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి, ఆ లెక్కను తిరిగి చేయబోయి, ఎంతకును కుదరక, మూల గ్రంథకర్తలనుండియే ఆ ఎక్సెల్ పట్టికను తెప్పించుకొనెను. సగటు తీసిన సూత్రము 30వ వరుసనుండి 49వ వరుసవరకు పోవుటకు బదులు 44తో ఆగిపోయి యుండెను. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్క్ అను ఐదు దేశములు లెక్కలోనికే రాలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, వరుసలు జారిపోయిన పొరపాటు ఒక్కటే ఫలితమును తలక్రిందులు చేయలేదు. దాని పాలు కొద్దిపాటిదే. పెద్ద పాలు సగటుల సగటుది. బ్రిటన్ 19 సంవత్సరములు ఆ ఋణశ్రేణిలో నుండి సగటున 2.4 శాతము వృద్ధి చెందినది. న్యూజీలాండ్ లెక్కలో నిలిచినది 1951 ఒక్క సంవత్సరమే; ఆ యేడు వృద్ధి మైనస్ 7.6 శాతము. పందొమ్మిది సంవత్సరముల బ్రిటన్‌కును ఒక్క సంవత్సరపు న్యూజీలాండ్‌కును సమానమైన తూకము ఇచ్చిరి. 1946 నుండి 1949 వరకు గల న్యూజీలాండ్ అంకెలను చేర్చినచో ఆ దేశపు సగటు 2.6 శాతమగును. అన్నియు దిద్దిన పిమ్మట హెర్న్‌డన్, అతని గురువులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ తేల్చిన సగటు 2.2 శాతము. గ్రంథకర్తలు పట్టికలోని పొరపాటును అంగీకరించిరి. తూకము విషయమున మాత్రము తమ పద్ధతినే సమర్థించుకొనిరి. ఇందొక సంగతి మరువరానిది. ఆ 2010 వ్యాసములోనే అదే శ్రేణికి మధ్యగతము 1.6 శాతమని అచ్చయి యున్నది. సగటు మైనస్ 0.1, మధ్యగతము 1.6! పింఛను ఫైళ్లలో 15కును 6.5కును నడుమ కనబడిన ఎడము వంటిదే ఇక్కడను కనబడుచున్నది. దానిని చూచి ఆగినవారు అరుదు.

సగటుల సగటు మన కార్యాలయములలోను ప్రతి నెల జరుగునదే. ఒక సెక్షనులో 10 ఫైళ్లకు సగటు 15 దినములు, వేరొక సెక్షనులో 90 ఫైళ్లకు సగటు 5 దినములు అయినచో, రెంటి సగటు 10 అని వ్రాయుట పరిపాటి. మొత్తము దినములు 600, ఫైళ్లు 100. సరియైన సగటు 6. సెక్షనుల నివేదికలను మాత్రమే తెప్పించుకొని ఫైళ్ల సంఖ్యను తెప్పించుకొనని ప్రధాన కార్యాలయమునకు ఈ 6 ఎన్నటికిని దొరకదు.

పట్టిక కొస తెగిన ఉదంతము ఇంగ్లండులోను జరిగినది. 2020 సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు 15,841 కరోనా కేసులు లెక్కకు రాలేదు. పరీక్షాశాలలనుండి వచ్చిన ఫలితములను పాత రకపు ఎక్సెల్ ఫైలులోనికి ఎక్కించుచుండగా, దాని పరిమితియైన 65,536 వరుసలు నిండి, తక్కినవి రాలిపోయినవి. 2007 నుండి ఎక్సెల్‌లో వరుసలు 10,48,576. ఫైలు రకము మాత్రము పాతది. ఆ రోగులతో మెలగినవారికి హెచ్చరిక ఆలస్యముగా అందినది.

ఈ సందర్భమున తెలుగువారు గర్వముతో స్మరింపదగిన పేరు కల్యంపూడి రాధాకృష్ణరావు. 1920 సెప్టెంబరు 10న, నాటి బళ్ళారి జిల్లాలోని హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, ఉద్యోగము వెదకికొనుచు కలకత్తా చేరి, 1941లో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో ప్రవేశించెను. 1945లో, ఇరువదియైదేండ్ల వయస్సునకే, ఆయన పేర నిలిచిన 'క్రామేర్-రావు అసమానత'ను ప్రచురించెను. కేంబ్రిడ్జిలో, సూడాను దేశపు జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన ప్రాచీన అస్థికల కొలతలను పరిశీలించెను. ఆ కాలమున లెక్క యనగా చేతితో త్రిప్పు యంత్రమే. ఒక్క విచలనము తీయుటకు ప్రతి అంకెను చేత ఎక్కింపవలసినప్పుడు, వింతయైన అంకె వ్రేలికి తగులక మానదు. నేడు అంకెలు వ్రేలికి తగులకయే సూత్రములోనికి పోవుచున్నవి. 1989లో వెలువడిన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అను గ్రంథమున రావుగారు, దత్తాంశములను న్యాయస్థానమున సాక్షిని వలె అడ్డుప్రశ్నలు వేసి పరీక్షించు పద్ధతికి ఒక ప్రకరణమే కేటాయించిరి. ఎవరు కొలిచిరి, ఏది లోపించినది, ఈ అంకె ఇంత పెద్దదిగా నుండుటకు హేతువేమి అని అడుగుట ఆ పరీక్షలోని భాగము. 2001లో పద్మవిభూషణ బిరుదమును, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమానమును పొంది, అదే సంవత్సరము ఆగస్టు 22న, నూటరెండేండ్ల పండు వయస్సున, అమెరికాలో పరమపదించిరి.

ఆ అడ్డుప్రశ్నలలో మొదటిదానిని పింఛను పట్టికకు వేయు ఉపాయ మొకటి చెప్పి విరమింపవచ్చును. పరిష్కార తేదీ గడి ఖాళీగా నున్నచో నేటి తేదీని తీసికొనుమని, లేనిచో ఉన్న తేదీనే తీసికొనుమని 'ఇఫ్', 'టుడే' అను రెండు సూత్రములను కలిపి వ్రాయవచ్చును. ప్రక్క వరుసలో 'పెండింగు' అని గుర్తు పెట్టవచ్చును. అప్పుడు తెమలని ఫైలు లెక్కనుండి తప్పించుకొనలేదు. అది ఇంకను ఎన్నాళ్లు పట్టునో ఆ అంకె చెప్పదు గాని, ఇంతవరకు ఎన్నాళ్లు పట్టినదో చెప్పును. ప్రతి ఉదయము పట్టికను తెరచినప్పుడు ఆ ఒక్క గడిలోని సంఖ్య 90, 91, 92 అని దినమున కొకటి చొప్పున పెరుగుచుండును.